టేబుల్ చుట్టూ నడిచే ఆరోగ్యం: గ్యాదరింగ్ ప్లేసుల గురించి మెల్‌బోర్న్ తెలుగు వాళ్లతో మాట్లాడింది

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? మైక్ కొంచెం గోల చేస్తోంది, పర్లేదు, వార్డులో అరిచీ అరిచీ నా గొంతు బానే పెరిగింది.

నన్ను పిలిచినప్పుడు "ఆస్ట్రేలియాలో అబొరిజినల్ వాళ్ల ఆరోగ్యం గురించి ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. అబొరిజినల్ అంటే ఈ దేశపు ఆదివాసులు. సరే అన్నాను గానీ, నేను నర్సుని, ప్రొఫెసర్ని కాదు, అబొరిజినల్ మనిషిని అసలే కాదు, వాళ్ల తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. పనిలో చూసింది, చదివి తెలుసుకుంది చెప్తా, అది కూడా ఒక్క విషయం మీదే. వాళ్లు గ్యాదరింగ్ ప్లేస్ అంటారు చూడండి, అంటే వాళ్లంతా కలిసి కూర్చునే చోటు, దాని గురించి.

ఇక్కడ సగం మంది టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్ నుంచే వచ్చుంటారు కదా. విండమ్ వేల్‌లో వుంగుర్విల్ ధురుంగ్ అని ఒక సెంటర్ ఉంది, పిల్లల్ని కిండర్‌కి దింపడానికి వెళ్లినవాళ్లకి తెలిసే ఉంటుంది. అందులో ఒక పక్క కిండర్, ఇంకో పక్క అబొరిజినల్ కమ్యూనిటీ సెంటర్. మనలో చాలామంది కార్ పార్క్ వరకే వెళ్లి వచ్చేస్తాం. తప్పని అనట్లేదు, పొద్దున్నే ఎనిమిదిన్నరకి ఎవరికి తీరిక ఉంటుంది చెప్పండి.

ఇలాంటివి మెల్‌బోర్న్ చుట్టూ చాలానే ఉన్నాయి. క్రాయ్‌డన్ వైపు ముల్లమ్ ముల్లమ్, ఫ్రాంక్‌స్టన్‌లో నెయిర్మ్ మార్ జంబానా, హేస్టింగ్స్‌లో విల్లమ్ వారైన్, వాళ్లకి అక్కడి మొక్కలు పెంచే నర్సరీ కూడా ఉంది, హీల్స్‌విల్‌లో ఊనా. వీటికంటే ముందు నుంచీ ఉన్నది థార్న్‌బరీలో ఉన్న అబొరిజినీస్ అడ్వాన్స్‌మెంట్ లీగ్, 1957లో మొదలైంది. బయట నుంచి చూస్తే మామూలు కౌన్సిల్ బిల్డింగ్‌లా ఉంటాయి. లోపలికెళ్తే ఒక వంటగది, ఒక పెద్ద టేబుల్, వెనకాల నిప్పు వేసుకునే చోటు. వారంలో ఒకరోజు పెద్దవాళ్లకి భోజనం, ఒకరోజు చంటిపిల్లల ప్లేగ్రూప్, ఒకరోజు ఆడవాళ్ల అల్లికలు, మగవాళ్లకి వేరే, స్కూల్ అయ్యాక పిల్లల హోంవర్క్. ఇంతే. మొదటిసారి వెళ్లినప్పుడు నాకేమనిపించిందంటే, ఇందులో హెల్త్ ఎక్కడుంది, ఇది క్లబ్ కదా అని.

లెక్కలు త్వరగా చెప్పేసి పక్కన పెడతా. 2021 సెన్సస్‌లో ఎనిమిది లక్షల మందికి పైగా మేము అబొరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ (ఉత్తరాన దీవుల ఆదివాసులు) అని రాసుకున్నారు, దేశంలో 3.2 శాతం. 2020 నుంచి 2022 లెక్క ప్రకారం వాళ్లలో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 71.9 ఏళ్లు, ఆడవాళ్లకి 75.6. మిగతావాళ్లకంటే మగవాళ్లు 8.8 ఏళ్లు, ఆడవాళ్లు 8.1 ఏళ్లు తక్కువ బతుకుతున్నారు. ఆత్మహత్యల రేటు రెండింతలకు పైనే. షుగర్, కిడ్నీ, గుండె, అన్నీ ముందే వస్తాయి. ఇవి మీకు న్యూస్‌లో కనపడే ముక్కలే. ఎందుకు అన్నది మాత్రం న్యూస్‌లో అంతగా రాదు.

హీల్స్‌విల్ మనందరం వెళ్లే చోటే కదా, కంగారూలని చూపించడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తాం. ఆ పక్కనే కొరాండెర్క్ అని ఒక స్టేషన్ ఉండేది, స్టేషన్ అంటే అబొరిజినల్ వాళ్ల కోసమని గవర్నమెంటు కేటాయించిన చోటు. 1863లో సైమన్ వోంగా, విలియమ్ బరాక్ అనే అబొరిజినల్ పెద్దలు తమ మనుషుల్ని తీసుకుని కొండ దాటి నడిచొచ్చి అక్కడ స్థిరపడ్డారు, దాదాపు 4,800 ఎకరాల దాకా పెరిగింది. బీరులో వేసే హాప్స్ పండించారు, వాటికి ప్రైజులు కూడా వచ్చాయి, ఇళ్లు కట్టుకున్నారు, స్కూలు నడిచింది. అంటే బాగానే బతుకుతున్నారు. అదే సమస్య అయింది, భూమి మంచిది కదా, చుట్టుపక్కలవాళ్ల కన్ను పడింది. వీళ్లు ఊరుకోలేదు, పిటిషన్లు రాశారు, నడుచుకుంటూ మెల్‌బోర్న్ వెళ్లి మంత్రుల్ని కలిశారు, 1881లో పార్లమెంటు ఎంక్వైరీ కూడా వేయించుకున్నారు. తర్వాత 1886లో ఒక చట్టం వచ్చింది, మిశ్రమ సంతతి వాళ్లు 35 ఏళ్లలోపు ఉంటే స్టేషన్‌లో ఉండకూడదు అని. ఆలోచించండి, పొలం పని చేసే వయసున్న వాళ్లందర్నీ బయటికి పంపేశారు, ముసలివాళ్లు మిగిలారు, ఆ తర్వాత పొలం సరిగ్గా నడవట్లేదు అన్నారు. 1924లో మూసేసి మిగిలినవాళ్లలో ఎక్కువమందిని గిప్స్‌ల్యాండ్‌లో లేక్ టైర్స్‌కి పంపించారు. అన్న ఒకచోట, చెల్లి ఇంకోచోట. 1990ల చివర్లో ఆ భూమిలో కొంత ముక్క కొని వాళ్ల వారసులకి తిరిగిచ్చారు, కొంతే.

ఇలాంటిదే ముర్రే నది దగ్గర కమ్మరగంజా అనే ఇంకో స్టేషన్. 1939 ఫిబ్రవరిలో అక్కడి మేనేజర్ పెట్టే బాధలు పడలేక సుమారు 200 మంది నది దాటి విక్టోరియా వైపు వచ్చేశారు. షెపర్టన్, మూరూప్నా మధ్య నది ఒడ్డున రేకులతో గోనె పట్టాలతో గుడిసెలు వేసుకుని ఏళ్ల తరబడి ఉన్నారు, ఆ చోటుని ఫ్లాట్స్ అంటారు. 1954లో ఎలిజబెత్ రాణిగారు ఆ దారిన వచ్చినప్పుడు ఆవిడకి ఆ గుడిసెలు కనపడకుండా రోడ్డు పొడవునా గోనె గుడ్డ అడ్డం కట్టారని అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఆ కుటుంబాల మనవలే తర్వాత రుంబలారా ఫుట్‌బాల్ నెట్‌బాల్ క్లబ్ పెట్టుకున్నారు. శనివారం మ్యాచ్ అంటే మూడు తరాలవాళ్లు గ్రౌండ్‌కి వస్తారు. వాళ్లకి ఆ గ్రౌండే గ్యాదరింగ్ ప్లేస్.

ఇదంతా హిస్టరీ క్లాసు కోసం చెప్పట్లేదండి. ఒకచోట కూర్చునే వీలు లేకుండా చేయడం అనేది ఒక పాలసీగా నడిచింది, డబ్బు పెట్టి, చట్టం రాసి, పోలీసులతో నడిపించారు. 1997లో వచ్చిన బ్రింగింగ్ దెమ్ హోమ్ రిపోర్టు ప్రకారం 1910 నుంచి 1970 మధ్య ప్రతి పదిమంది పిల్లల్లో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా ఇళ్ల నుంచి తీసుకెళ్లిపోయారు. కొందరు పసిపిల్లల్ని ఆస్పత్రి నుంచే తీసుకెళ్లారు, తల్లి ఇంటికి రాకముందే. అలాంటి ఆవిడకి, ఆవిడ కూతురికి, మీరు "ఆస్పత్రికి రండి, ఫ్రీ చెకప్" అని పాంఫ్లెట్ ఇస్తే ఏమనిపిస్తుంది? నేను డ్యూటీలో విన్నమాట, మనవాళ్లతో సహా స్టాఫ్ అనేది, "వీళ్లు అపాయింట్‌మెంట్‌కి రారు అండి, నాన్ కంప్లయంట్" అని, అంటే చెప్పినట్టు చేయరని. ఫైల్‌లో ఆ రెండు పదాలు రాసేస్తే అయిపోయింది, తప్పు మొత్తం పేషెంట్‌ది.

అందుకే వాళ్లు వాళ్ల సొంతం పెట్టుకున్నారు. 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో ఒక చిన్న షాపు గదిలో మొదటి అబొరిజినల్ మెడికల్ సర్వీస్, డాక్టర్లు జీతం లేకుండా వచ్చేవాళ్లు, కంటి డాక్టరు ఫ్రెడ్ హాలోస్ కూడా వాళ్లలో ఒకరు. 1973లో మన మెల్‌బోర్న్‌లో ఫిట్జ్‌రాయ్ గర్‌ట్రూడ్ స్ట్రీట్‌లో విక్టోరియన్ అబొరిజినల్ హెల్త్ సర్వీస్. ఫిట్జ్‌రాయ్ ఎందుకంటే జనం అప్పటికే అక్కడ ఉన్నారు. గోర్ స్ట్రీట్‌లో పాస్టర్ డగ్ నికోల్స్ చర్చి ఉండేది, ఆయన ఫుట్‌బాల్ ప్లేయరు కూడా, తర్వాత సౌత్ ఆస్ట్రేలియాకి గవర్నర్ అయ్యారు. చర్చివాళ్లు నడిపిన మిషన్ల నుంచి, మూసేసిన స్టేషన్ల నుంచి వచ్చినవాళ్లు ఆ వీధుల్లోనే ఒకర్నొకరు వెతుక్కునేవాళ్లు. మనుషులు ముందు చేరారు, క్లినిక్ తర్వాత వచ్చింది. ఇప్పుడు దేశం మొత్తం మీద వాళ్ల సొంత బోర్డులతో నడిచే హెల్త్ సర్వీసులు 140కి పైగా ఉన్నాయి. 1989లో వాళ్లు నేషనల్ స్ట్రాటజీ రాసుకున్నప్పుడు ఆరోగ్యం అంటే ఒక మనిషి ఒంటి సంగతే కాదు, మొత్తం సమాజం మనసు, సంస్కృతి, సంబంధాలు బాగుండటం అని రాసుకున్నారు. ఆఫీసుల్లో ఆ పేరా ఫ్రేమ్ కట్టి గోడకి పెడతారు, బడ్జెట్ వచ్చేసరికి దాన్ని ఎవరూ చూడరు, ఆ సంగతి తర్వాత చెప్తా.

ఇప్పుడు దగ్గర నుంచి చూసింది ఒకటి. ఒక గ్యాదరింగ్ ప్లేస్‌లో, పేరెందుకులెండి, ఆడవాళ్లు టేబుల్ మీద పాసమ్ (చెట్ల మీద తిరిగే చిన్న బొచ్చు జంతువు) తోళ్లు పరుచుకుని కుడుతున్నారు. చర్మం లోపలి వైపు కరెంటు సూదితో గీతలు కాలుస్తున్నారు, ఎవరి నది, ఎవరి ఊరు గుర్తులు వాళ్లవి, గదంతా కాలిన తోలు వాసన. ఆ తోళ్లు న్యూజిలాండ్ నుంచి తెప్పించుకుంటారంట. ఇక్కడ పాసమ్‌ని చంపకూడదు, చట్టం ఉంది, అక్కడేమో అది పంటలకీ అడవికీ పీడ. పూర్వం ఇక్కడ బిడ్డ పుడితే చిన్న ముక్క కప్పేవాళ్లు, బిడ్డ పెరిగేకొద్దీ ఇంకో తోలు, ఇంకో తోలు కలిపి కుట్టేవాళ్లు, చనిపోతే దాంట్లోనే చుట్టి పూడ్చేవాళ్లు. మెల్‌బోర్న్ చలి, వాన మనకి తెలుసు కదా, జులైలో మనం ఎన్ని లేయర్లు వేసుకుంటున్నాం? ఆ తోలు మీద నీళ్లు నిలవవు. తెల్లవాళ్లు వచ్చాక తోళ్లు పోయి గవర్నమెంటు దుప్పట్లు పంచారు. ఉన్ని దుప్పటి తడిస్తే ఆరదు, తడి దుప్పటి కప్పుకుని పడుకుంటే ఊపిరితిత్తుల జబ్బులు. వాళ్ల పెద్దవాళ్లు చెప్పే లెక్కలో ఆ దుప్పటి కూడా ఒక రోగకారణమే.

అలా కుట్టిన పాత తోలు దుప్పట్లు విక్టోరియాలో రెండే రెండు మిగిలాయి, మ్యూజియంలో ఉన్నాయి, ఒకటి 1853 నాటిది ఎచూకా దగ్గరది, ఇంకోటి 1872 నాటిది లేక్ కొండాది. 1999లో నలుగురు ఆర్టిస్టులు, విక్కీ కౌజెన్స్, డెబ్రా కౌజెన్స్, లీ డారక్, ట్రియానా హామ్, వాటిని చూసి మళ్లీ కుట్టడం నేర్చుకుని ఊరూరా నేర్పించారు. 2006 కామన్‌వెల్త్ గేమ్స్ మెల్‌బోర్న్‌లో జరిగాయి గుర్తుందా, ఓపెనింగ్‌లో పెద్దవాళ్లు వేసుకుని నడిచారే, అవే.

ఇంక ఆ టేబుల్ దగ్గర జరిగేది వినండి. ఒకావిడ కుడుతూ కుడుతూ పక్కావిడతో "కాళ్లు తిమ్మిర్లు ఎక్కుతున్నాయి ఈ మధ్య" అంటుంది. ఆ పక్కన అబొరిజినల్ హెల్త్ వర్కర్ కూడా కుడుతూనే ఉంటుంది, యూనిఫామ్ లేదు, బ్యాగ్‌లో బీపీ మెషిన్, షుగర్ స్ట్రిప్పులు ఉంటాయి. "నా షుగర్ చూసుకుంటున్నా, నీది కూడా చూద్దామా" అంటుంది. చూస్తే ఎక్కువొచ్చింది. తర్వాతి వారం కలిసి కార్లో క్లినిక్‌కి. ఇంతకీ అక్కడ ఏ ఫారమూ నింపలేదు, ఎవరూ లెక్చర్ ఇవ్వలేదు. అదే ఆవిడకి మా దగ్గర నుంచి లెటర్లు వెళ్లి ఉంటాయి, ఫ్రిజ్ మీద పెట్టి ఉంటుంది, నాకు ఆవిడ మీద కోపం రాలేదు.

ఇలా చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. మెడికేర్‌లో, అంటే గవర్నమెంటు హెల్త్ ఇన్సూరెన్స్‌లో, 715 అని ఒక ఐటమ్ నంబర్ ఉంది, అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ వాళ్లకి ఏటా ఫుల్ హెల్త్ చెక్. క్వీన్స్‌ల్యాండ్‌లో డెడ్లీ చాయిసెస్ అని మొదలుపెట్టారు, చెక్ చేయించుకుంటే ఫుట్‌బాల్ టీమ్ డిజైన్‌తో జెర్సీ ఇస్తారు, ఊళ్లో ఒకడు వేసుకు తిరిగితే మిగతా కుర్రాళ్లు నాకూ కావాలని లైన్ కట్టారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ మన సంక్రాంతి సంబరాల్లో ఫ్రీ టీషర్ట్ కోసం మనం కట్టే లైన్ నేను చూశా. అలాగే ఇక్కడ బ్రెస్ట్ స్క్రీనింగ్‌కి వచ్చే ఆడవాళ్లకి ఆస్పత్రి గౌను బదులు వాళ్ల ఆర్టిస్టుల డిజైన్ వేసిన శాలువా ఇవ్వడం మొదలుపెట్టారు. గుడ్డ ముక్కే, కానీ ఎప్పుడూ రానివాళ్లు వచ్చారు.

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మాది శ్రీకాకుళం వైపు, ఉద్దానం. కిడ్నీ అంటే ఏంటో మా ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు, డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు బండెక్కి పోవడం, ఇంట్లో ఇంకొకళ్లు పని మానుకోవడం మా చుట్టాల ఇళ్లల్లోనే చూశా. సెంట్రల్ ఆస్ట్రేలియాలో కింటోర్ అని ఒక ఊరు, ఆలిస్ స్ప్రింగ్స్‌కి 500 కిలోమీటర్లకు పైగా దూరం, ఎడారి. అక్కడి పింటుపి అనే అబొరిజినల్ వాళ్లకి కిడ్నీ పాడైతే ఆలిస్ స్ప్రింగ్స్‌కి మకాం మార్చాల్సిందే, రెండ్రోజులకోసారి మెషిన్, చచ్చేదాకా అక్కడే. చాలామంది పెద్దవాళ్లు మెషిన్ వద్దని ఇంటికెళ్లిపోయి అక్కడే చనిపోయారు. మిగిలినవాళ్లు గవర్నమెంటుని అడిగితే కుదరదన్నారు. వీళ్లు పెయింటింగులు వేసేవాళ్లు, పెద్ద పేరున్న ఆర్టిస్టులు. అందరూ కలిసి పెద్ద పెద్ద కాన్వాసులు వేసి 2000లో సిడ్నీలో వేలం పెట్టించారు, పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆ డబ్బుతో 2004లో కింటోర్‌లోనే డయాలసిస్ మెషిన్ పెట్టించుకున్నారు. దాన్నుంచి పుట్టిందే పర్పుల్ హౌస్. ఆలిస్ స్ప్రింగ్స్‌లో వాళ్ల ఇంటికెళ్తే మెషిన్ల పక్కనే వంట, పెరట్లో నిప్పు మీద కంగారూ తోకలు, పెద్దావిడలు అడవి మందులు కాచి బామ్ చేసి అమ్ముతుంటారు. ఊళ్లో పెళ్లో చావో అయితే మెషిన్లు ఉన్న ట్రక్కు వెళ్తుంది. డాక్టర్ల లెక్కలో ఒకప్పుడు అక్కడ డయాలసిస్ మీద బతికే కాలం దేశంలోనే అడుగున ఉండేది, ఇప్పుడు పైన ఉంది. మెషిన్ అదే కంపెనీ మెషిన్, ఫిల్టర్ అదే ఫిల్టర్. మారింది ఎక్కడ కూర్చున్నారు, ఎవరి మధ్య కూర్చున్నారు, ఎవరి మాట చెల్లుతోంది అన్నదే.

"ఇది సెంటిమెంట్ కదా, ప్రూఫ్ ఏంటి" అని నా డాక్టర్ ఫ్రెండ్స్ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కెనడాలో చాండ్లర్, లాలొండ్ అని ఇద్దరు 1998లో ఒక స్టడీ వేశారు, బ్రిటిష్ కొలంబియాలో దాదాపు 200 ఆదివాసీ సముదాయాల్లో యువత ఆత్మహత్యలు చూశారు. కొన్నిచోట్ల భయంకరంగా ఉన్నాయి, కొన్నిచోట్ల అసలు లేవు. తేడా ఎక్కడుంది అని చూస్తే సొంత పాలన, భూమి హక్కు కోసం పోరాటం, స్కూలు, ఆరోగ్యం, పోలీసు-ఫైర్ సర్వీసు, సంస్కృతి కోసం కట్టుకున్న ఒక చోటు, ఈ ఆరూ తమ చేతిలో ఉన్న సముదాయాల్లో వాళ్లు చూసిన అయిదేళ్లలో యువతలో ఒక్కరూ అలా పోలేదు. అది కెనడా, ఇది ఆస్ట్రేలియా, ఒకదాని వల్లే ఇంకోటి జరిగిందని స్టడీ తేల్చేయదు, ఒప్పుకుంటా. కానీ కొత్త మాత్ర ఏదైనా ఇంత తేడా చూపిస్తే మనం ఈపాటికి కోట్లు పెట్టేవాళ్లం.

డబ్బు దగ్గరికొచ్చా కదా, నా అసలు కోపం ఇక్కడే. గ్యాదరింగ్ ప్లేస్‌కి వచ్చే గ్రాంట్లు చాలావరకు ప్రోగ్రాముకి వస్తాయి. పొగాకు మానిపించే ప్రోగ్రాం పన్నెండు నెలలు, వ్యాయామం ప్రోగ్రాం ఆర్నెల్లు. అద్దె ఎవరిస్తారు, కరెంటు బిల్లు ఎవరిస్తారు, పొద్దున్నే తలుపు తీసి టీ పెట్టి, ఏడుస్తూ వచ్చిన కుర్రాడితో మధ్యాహ్నం దాకా కూర్చునే ఆ కోఆర్డినేటర్ జీతం ఎవరిస్తారు? "అది హెల్త్ కిందకి రాదు" అంటారు. ఆవిడ సగం టైమ్ రిపోర్టులు రాయడానికే పోతుంది. ఎంతమంది వచ్చారు, ఎన్ని బ్రోషర్లు పంచారు. అబొరిజినల్ వాళ్లకీ మిగతావాళ్లకీ ఉన్న తేడా తగ్గించాలని గవర్నమెంట్లు చేసుకున్న క్లోజింగ్ ది గ్యాప్ ఒప్పందాన్ని 2020లో కొత్తగా రాసుకున్నారు, అందులో అబొరిజినల్ సంస్థల చేతికే పని, నిర్ణయం ఇవ్వాలని స్పష్టంగా ఉంది, 2031 కల్లా ఆయుర్దాయంలో తేడా పోవాలని టార్గెట్ కూడా పెట్టుకున్నారు. కాగితం మంచిదే. తలుపు తీసే మనిషికి మూడేళ్ల కాంట్రాక్ట్ ఇస్తే నేను నమ్ముతా.

ఒక్క మాట మన గురించి. మనం ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మొదట అడిగేది "మీదే ఊరు, ఎవరి తాలూకు" అనే కదా. వాళ్లూ అదే అడుగుతారు, మీ మాబ్ ఎవరు, అంటే మీ వాళ్లెవరు అని. కానీ చిన్నప్పుడే తీసుకెళ్లిపోయిన వాళ్లకి దానికి జవాబు తెలియదు. యాభై ఏళ్లొచ్చాక గడప దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఆగిపోయే వాళ్లుంటారు. ఎవరో ఒక పెద్దావిడ మొహం చూసి, "నువ్వు ఫలానా వాళ్లలా ఉన్నావే, కూర్చో, టీ తాగు" అంటుంది. కొన్నిసార్లు నిజంగానే చుట్టరికం తేలుతుంది. ఆ రోజు ఆ మనిషి బీపీ ఎంతో నాకు తెలియదు, ఎవరూ కొలవరు కూడా.

సరే, నాకిచ్చిన టైమ్ దాటిపోయింది. ఎవరైనా అడుగుతారా?

(సభలోంచి: మేడమ్, మనవాళ్లలో చాలామంది డాక్టర్లున్నారు కదా, మన అసోసియేషన్ తరఫున అక్కడ ఒక ఫ్రీ హెల్త్ క్యాంప్ పెట్టచ్చా?)

మంచి ఆలోచనేనండి, కానీ బ్యానర్ కట్టుకుని వెళ్లకండి. ఒకపూట వచ్చి బీపీలు చూసి ఫోటోలు తీసుకుని వెళ్లిపోయిన వాళ్లని వాళ్లు చాలామందిని చూశారు. జులైలో నైడాక్ వారం వస్తుంది, వాళ్ల సంస్కృతిని జరుపుకునే వారం, చాలాచోట్ల అందరికీ తలుపులు తీసి ఉంటాయి, ముందు అప్పుడు కుటుంబంతో వెళ్లండి, తినండి, అమ్మేవి ఉంటే కొనండి. అడగకుండా ఫోటోలు తీయకండి, ముఖ్యంగా పిల్లలవి. ఆంటీ, అంకుల్ అని మనం ఎదురింటివాళ్లని కూడా పిలిచేస్తాం, అక్కడ అది సంపాదించుకునే గౌరవం, వాళ్లు పరిచయం చేసినప్పుడు పిలవండి. తర్వాత ఒక ఫోన్ చేసి మీకేం కావాలి అని అడగండి. డాక్టర్ కావాలంటే డాక్టర్. ఒకసారి నేనలా అడిగితే, గటర్లు నిండిపోయాయి, నిచ్చెన ఎక్కే మనుషులుంటే పంపించమ్మా అన్నారు. మా ఇంట్లో ఉన్న ఐటీ ఇంజినీర్‌ని పంపించా.

(నవ్వులు)

వెనక ఇంకెవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా.